కిందే ఉండే ఉద్యోగం

యూసుఫ్‌గూడ, హైదరాబాదు,
తేది 4-2-1993.

పూజ్యులైన అనసూయమ్మ అత్తయ్యగారికీ, లక్ష్మయ్య మావయ్యగారికీ మీ కోడలు సత్యలక్ష్మి రెండు చేతులూ జోడించి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, ఆయనా, కౌసల్యా క్షేమం. నిడదవోలులో మీరూ, మావయ్యగారూ, మావయ్యగారి తుంటీ క్షేమమని తలుస్తాను. తుంటిని విడిగా అడిగానని నవ్వకండి. చలి ముదిరితే అది ఇంట్లో మూడో మనిషిలా మాట్లాడుతుందని పోయిన ఉత్తరంలో మీరే రాశారు. మావయ్యగారు అరుగు మీదే కూర్చుని స్తంభాలకి ఇనుప రింగులు వంచి ఇస్తున్నారని, చుట్టుపక్కల మేస్త్రీలంతా వచ్చి పట్టుకెళుతున్నారని విని మా ఆయన ముఖం ఇంతయింది. ఆ వేళ ఒక ముద్ద ఎక్కువ తిన్నారు.

మీకూ మాకూ చుట్టరికం లేదంటే ఇక్కడ ఎవరూ నమ్మరు. ఈయనకి ఇనుప పని నేర్పిన మేస్త్రీ, ఆ మేస్త్రీ భార్య అని చెబితే, మా ఇంటి ఓనరు బాలమణి నడుం మీద చెయ్యి పెట్టుకుని, గట్లయితే అత్తమ్మ ఎట్లయిందే అని అడుగుతుంది. ఎట్లయిందో నాకూ తెలియదు. కొత్త కాపురానికి ట్రంకు పెట్టెతో ఈ ఊళ్లో దిగిన రోజున మీరు వేడివేడి అన్నంలో కందిపొడి కలిపి, ముందు తిను, ఏడవడానికి చాలా టైముంది అన్నారు. ఆ పూటకే అయిపోయిందనుకుంటాను.

ఇక సంగతేమిటంటే, మీ వెంకటాచలం ఇంటర్వ్యూకి వెళుతున్నారు. కళ్లజోడు తుడుచుకోకండి, సరిగ్గానే చదివారు. ఊఁ, సరే, చూద్దాం అనే మూడు మాటలతో ఇన్నేళ్లు కాపురం ఈడ్చుకొచ్చిన మనిషి బల్ల ముందు కూర్చుని పెద్దవాళ్లు అడిగినవాటికి జవాబులు చెప్పాలి. ఆయన నోట్లో నాలుక లేదని కాదు. ఉంది, వాడకుండా దాచుకున్నారు.

మా వాకిట్లో ఎదురు వాటాలో కాశీవిశ్వనాథం గారని ఒకాయన ఉంటారు. మీరు ఇక్కడ్నించి వెళ్లిపోయాక వచ్చారు. సినిమాల్లో ప్రాంప్టరు. అంటే కెమెరా పక్కన నక్కి నిలబడి, హీరోలకీ విలన్లకీ డైలాగు మరిచిపోకుండా మెల్లిగా అందించే పని. పగలంతా గుసగుసలాడి, ఇంటికొచ్చాక ఆ కసి తీరేలా గట్టిగా మాట్లాడతారు. మనిషి మాత్రం మంచివాడు. పోయిన ఆదివారం కృష్ణానగర్‌లో మిరపకాయ బజ్జీలు కొనుక్కుంటే, వాటిని చుట్టిన ఇంగ్లీషు పేపరు ముక్కలో ఒక ప్రకటన ఆయన కంట పడింది. పైన పెద్దక్షరాల్లో ‘లీడ్ ఐరన్ వర్కర్’ అని, ఇంటర్వ్యూ అని, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గరి అడ్రసు, తారీఖు ఉన్నాయి. తారీఖు ఇంకా దాటలేదు. మిగతా అక్షరాలన్నీ నూనెలో మునిగి బజ్జీల పాలయ్యాయి.

ఆయన పరుగున మా వాటాలోకి వచ్చి, అమ్మా, మీ ఆయన హీరో అయిపోతున్నాడు అన్నారు. నేను కాజాలు కుడుతున్నదాన్ని సూది పక్కన పెట్టాను. కాస్ట్యూమ్స్ వాళ్లకి హుక్కులూ కాజాలూ ఇప్పటికీ నేనే కుడుతున్నాను లెండి. ఆయన చెప్పిందేమిటంటే, సినిమా భాషలో లీడ్ అంటే ముఖ్యపాత్ర. ఈ మధ్య అవార్డు సినిమాలు తీసేవాళ్లు వేషగాళ్లని కాకుండా అసలు కూలీల్నే తెచ్చి నటింపజేస్తున్నారట. ఇనుప పనివాడి కథ ఒకటి తీస్తూ ఉంటారు, అందులో హీరో వేషానికి నిజమైన పనివాణ్ణి వెతుకుతున్నారు, ఇంతకన్నా అదృష్టం ఉంటుందా అని.

ఫిల్మ్ నగర్ పక్కన ఉన్నవాళ్లకి ఏ మాటైనా సినిమాగానే వినిపిస్తుంది అత్తయ్యా. గంటలో వాకిలంతా పాకింది. బాలమణి వచ్చి, మా కిరాయిదారు హీరో అయితుండంట, జర మా ఇంట్ల షూటింగ్ పెట్టిపియ్యుమను, గేటుకు రంగేపిస్త అంది. మేకప్పు చేసే కుర్రాడెవరో వచ్చి ఈయన ముఖాన్ని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈయన సంగతి మీకు తెలుసు. కప్పు మోసే ఇనుప ట్రస్సు మీంచి తలకిందులుగా వేలాడమన్నా వేలాడతాను గానీ కెమెరా ముందుకి రానని మూలకెళ్లి కూర్చున్నారు. ఇన్నేళ్లు స్టూడియో ఫ్లోర్లకి కప్పులేసినా ఒక్క షూటింగూ చూడని మనిషి. ఆదివారం టీవీలో సినిమా వస్తే, కెమెరా ఒక్కసారైనా పైకి చూడదేమిటే, మా పని కనపడేది కదా అని గొణుక్కుంటారు.

నాకు అనుమానమొచ్చి కౌసల్య వాళ్ల త్రిపురసుందరి టీచరుకి ఆ ముక్క చూపించాను. ఆవిడ సైన్సు చెబుతారు. కళ్లజోడు పైకి తోసుకుని, దీన్ని లీడ్ అనకూడదమ్మా, లెడ్ అని చదవాలి, లెడ్ అంటే సీసం, సీసమూ ఇనుమూ కలిపి చేసే పని అయ్యుంటుంది అన్నారు. ఇంటికొచ్చి చెబితే ఈయన ముఖం వాడిపోయింది. సీసంతో నేనెప్పుడూ పని చెయ్యలేదే అన్నారు. హీరో అయితే భయపడ్డారు, సీసం అయితే దిగులుపడ్డారు. అంటే ఉద్యోగం మీద లోపల ఆశ ఉందన్నమాట. అది నాకు అప్పుడే తెలిసింది.

దాంతో నాకు తిక్కరేగింది. కుట్టిన జాకెట్లు ఇచ్చే వంకతో జూబ్లీ హిల్స్ ఎక్కి, ఆ అడ్రసు వెతుక్కుంటూ వెళ్లి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి బజ్జీల కాగితం చూపించి లీడ్ అంటే ఏమిటి నాయనా అని అడిగాను. ముసలాయన, గోల్కొండ వైపు మనిషట. నవ్వి, లీడ్ అంటే ఏందంటవా అమ్మా, బడా మేస్త్రీ, గంతే అన్నాడు. బొంబాయి కంపెనీ ఇక్కడ పెద్ద పెద్ద ఇనుప షెడ్లు కడుతోందట. దానికి పనివాళ్ల జట్టు నడిపే మేస్త్రీ కావాలట. ఆ తరవాత ఇంకో మాట అన్నాడు. బడా మేస్త్రీకి పైకెక్కుడు గిట్ల ఉండదమ్మా, కింద నిలబడి కాయితం చూస్కుంట సీటీ కొడ్తడు, పైనున్నోళ్లు పని చేస్తరు, ఫికర్ లేని నౌకరి అన్నాడు.

అత్తయ్యా, ఆ ‘కింద’ అన్న మాట చెవిన పడింది. అక్కడే ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయాను. వాచ్‌మన్ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మీకు దాచేదేముంది. పైనుంచి పడ్డ మావయ్యగారిని తలుపు రెక్క మీద మోసుకొచ్చిన సాయంత్రం మీ పక్కన నిలబడ్డదాన్ని. అప్పటినించీ నా చెవి ఒకటి గేటు దగ్గరే ఉంటుంది. గేటు చప్పుడు రోజూ వినే చప్పుడులా లేకపోతే సూది ఆగిపోతుంది. ఎవరైనా పరిగెత్తుకొస్తున్నట్టు వినిపిస్తే సూది వేలికి గుచ్చుకుంటుంది. వచ్చింది పాలవాడని తెలిశాక నా మీద నాకే కోపమొస్తుంది. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా నేను సగమే ఉంటాను. పైకెక్కడం మానేయండని అడిగితే, ఎక్కకపోతే నాకేం వచ్చని అడిగేవారు. దానికి జవాబు ఇప్పుడుంది.

ఆ రోజే ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. ఈ ఉద్యోగం వస్తే ఇక కిందే ఉండాలి, పైకెక్కనని మాటివ్వండి అన్నాను. కౌసల్య తల మీద చెయ్యి పెట్టమంటే, పిల్ల మీద ఒట్లేమిటే అని విసుక్కుని, సరే, కిందే ఉంటాలే అన్నారు. అది చాలు నాకు.

అప్పటినించీ మా వాకిలే ఆఫీసు. కాశీవిశ్వనాథం గారు హీరో వేషం పోయిందని ఒక పూట నీరసపడ్డా, మర్నాటికి తేరుకుని రిహార్సల్ బాధ్యత తన మీద వేసుకున్నారు. బాలమణి మంచం వేసుకుని కూర్చుని కంపెనీ దొరగా ఉంటుంది. ఆవిడ తమలపాకు నములుతూ, ఎన్నేండ్లు జేసినవ్, ఏం పని జేసినవ్, పేరేంది, గిదంతా నిజమేనా అని గద్దిస్తుంది. ఈయనకి నవ్వూ చెమటా కలిసి వస్తాయి. ఎక్కడ తడబడినా కాశీవిశ్వనాథం గారు కట్ అని అరిచి, వన్ మోర్ అంటారు. మధ్యలోంచి కుదరదట. మళ్లీ గేటు బయటికి వెళ్లి, తలుపు కొట్టి, లోపలికి రావచ్చా అని అడిగి, మొదటినించీ చెప్పాలి. ఇప్పటికి ఎన్నిసార్లు గేటు దాటారో ఆయనకే తెలియాలి. పక్కింటి కుక్క మొరగడం కూడా మానేసింది.

కిందా మీదా పడి కొంచెం దారికొచ్చారు. ఏం పని చేశావు అంటే ‘చేశాను’ అని ఊరుకునే మనిషి, ఇప్పుడు ఏ ఫ్లోరుకి గర్డర్లు ఎక్కించారో, ఎక్కడ చైన్ పుల్లీ తెగితే ఏం చేశారో నాలుగు ముక్కలు చెబుతున్నారు. ఆఖరి ప్రశ్న మాత్రం నేనే నేర్పాను. ఎక్కడ నిలబడి పని చేయిస్తావు అంటే, ‘కింద నిలబడి అన్నీ కనిపెట్టుకుంటాను సార్’ అనాలి. ఆ ఒక్క ముక్కా నీళ్లు తాగినట్టు వచ్చేసింది.

మావయ్యగారిని అడిగి, ఇంటర్వ్యూలో ఎలా ఉండాలో ఒక మాట రాయించండి. ఎవరెన్ని చెప్పినా ఆయన చెబితేనే ఈయనకి నమ్మకం. మీ ఇద్దరి దీవెనా మా వెంట ఉంటే చాలు.

మీ ఆశీస్సులు కోరే కోడలు,
సత్యలక్ష్మి

---

యూసుఫ్‌గూడ, హైదరాబాదు,
తేది 8-3-1993.

పూజ్యులైన అత్తయ్యగారి, మావయ్యగారి పాదాలకి సత్యలక్ష్మి నమస్కారాలు. క్షేమసమాచారాలు తరవాత. ఉద్యోగం వచ్చింది అత్తయ్యా!

నా పక్కనే కూర్చుని ఈయన ఇది చూస్తున్నారు. ముందు క్షేమం రాయాలి, పద్ధతి కాదు అంటున్నారు. సరే, క్షేమం. ఇప్పుడు సంగతి వినండి.

మీ ఉత్తరం ఇంటర్వ్యూకి ముందురోజు అందింది. మావయ్యగారు రాయించిన మాట ఈయనకి చదివి వినిపించాను. చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు, ఒళ్లో దాచుకోవద్దు, బల్ల మీద పెట్టమను, చెప్పాల్సింది అవి చెప్పుకుంటాయి అన్నారే, అది విని ఈయన చాలాసేపు తన చేతులు తనే చూసుకున్నారు. అన్ని రోజుల రిహార్సల్‌లో రాని ధైర్యం ఆ ఒక్క ముక్కతో వచ్చింది. ఇంత దూరంలో ఉండి కూడా మావయ్యగారు ఈయన భుజం మీద చెయ్యి వేశారు. ఆ రుణం మాటలతో తీరేది కాదు.

బట్టల సంగతి కూడా చెప్పాలి. నేను కాజాలు కుట్టే కంపెనీ టైలరు నా ముఖం చూసి ఒక ప్యాంటూ చొక్కా ఒక్క రోజుకి ఇచ్చాడు. ఏదో సినిమాలో కోర్టు సీన్లో వకీలు వేసుకున్నవట. నడుం దగ్గర వదులైతే పిన్నీసులు పెట్టాను. బాలమణి వాళ్ల మరిదిగారి బూట్లు తెచ్చి, జర బిగుతుంటయ్, నడిచేటప్పుడు మొఖం మీద కానరాకుండ చూస్కో అని చెప్పి పంపించింది. ఆవిడ గేటు దాకా వచ్చి ఎదురు నిలబడింది, మంచి శకునం కోసం. చేతిలో నీళ్ల బిందె కూడా పట్టుకుంది. అద్దె దగ్గర రవ్వంత వదలదు గానీ, మనసు మాత్రం వెన్న.

ఒక్కర్నీ పంపడం మంచిది కాదని కాశీవిశ్వనాథం గారు ఆ రోజు షూటింగ్ మానుకుని తోడు వెళ్లారు. లోపలికి రానివ్వకపోతే ఆ గది కిటికీ దగ్గర నిలబడ్డారు. అలవాటు కదా! జరిగిందంతా ఆయన చెప్పిందే. మా ఆయన్ని అడిగితే, అడిగారు, చెప్పాను, అంతే.

లోపల ముగ్గురు కూర్చున్నారట. మధ్యలో తెల్ల మీసాల పెద్ద ఇంజినీరుగారు, నాగపూరాయన. సైట్ల మీద తిరిగి తిరిగి తెలుగు ముక్కలు నేర్చుకున్నారట. ఆయన కూర్చోమని, మొదట పేరు అడిగారు. మా బాలమణి ఎప్పుడూ ముందు ఎన్నేండ్లు చేసినవ్ అనే కదా అడిగేది. పేరు తరవాత. ఈయన ఆ వరసలోనే బట్టీ పట్టారు. అందుకని పేరేమిటి అనగానే, పద్నాలుగేళ్లు సార్ అన్నారు.

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారట. అప్పుడు మీ వాడు ఏం చేశారో తెలుసా? లేచి నిలబడి, వన్ మోర్ సార్ అని దణ్ణం పెట్టి, బయటికి వచ్చేశారు. తలుపు దగ్గరికి వేసి, మళ్లీ తలుపు కొట్టి, లోపలికి రావచ్చా సార్ అని అడిగారు! కిటికీ దగ్గర కాశీవిశ్వనాథం గారు తల బాదుకున్నారట. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయింది, ఇదంతా నా నిర్వాకమేనమ్మా అని ఒకటే బాధ.

కానీ ఆ పెద్దాయన పగలబడి నవ్వారట. ఎన్నో ఏళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను, తప్పు జరిగిందని ఒప్పుకుని మళ్లీ మొదలుపెట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అని, టీ తెప్పించి ఈయనకి కూడా ఇచ్చారట. టీ తాగాక ఈయన బెరుకు పోయింది. రెండు చేతులూ బల్ల మీద పెట్టి, అడిగినవాటికి నిదానంగా జవాబులు చెప్పారు. గాలి ఎక్కువున్న రోజు ట్రస్సు ఎత్తుతావా అంటే ఎత్తనన్నారు. పై అధికారి ఎత్తమంటే అంటే, ఆయన్ని వచ్చి తాడు పట్టుకోమంటానన్నారు. ఇది బాలమణికి చెబితే, గట్ల జెప్పాలె అని తొడ చరిచింది.

ఆ తరవాత ఆఖరి ప్రశ్న అడిగే వేళకి కాశీవిశ్వనాథం గారికి దగ్గు తెర వచ్చి కిటికీ దగ్గర్నించి తప్పుకున్నారట. ఏమడిగారో, ఈయన ఏం చెప్పారో ఆయన వినలేదు. మొత్తానికి వారం తిరక్కుండా రమ్మని కబురొచ్చింది.

ఇది ఆ వాచ్‌మన్ చెప్పిన ఉద్యోగమే. కింద నిలబడి కాగితం చూసుకుంటూ ఈల వేయడమే. పైకెక్కే పని లేదని ఈయనే స్వయంగా చెప్పారు. నెల తిరిగితే జీతం, వర్షాకాలంలోనూ పని. చేరి రెండు వారాలు కావస్తోంది. నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయంటారు సాయంత్రం. లాగితే లాగనివ్వండి, వేడినీళ్లున్నాయి.

అత్తయ్యా, మావయ్యా, నాకు ఎవరికి ముందు దణ్ణం పెట్టాలో తెలియడం లేదు. బజ్జీల కాగితం తెచ్చిన కాశీవిశ్వనాథం గారికి పెట్టాను. బాలమణికి పెట్టబోతే, నడువ్, పని జూస్కో అని కసిరి, లోపలికెళ్లి కళ్లు తుడుచుకుంది. ఆ వాచ్‌మన్‌కి సున్నుండలు చేసి తీసుకెళ్లిచ్చాను. కానీ ఈ వేళ మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే దాని మొదలు మీ దగ్గరుంది. పదిహేడేళ్లప్పుడు ఏ పనీ చేతగాక స్టూడియో గోడల వెంట తిరిగే కుర్రాణ్ణి పిలిచి, ముందు బోల్టు బిగించడం నేర్చుకో, తరవాత తిందువుగాని అన్నది మావయ్యగారు. ముందు తిననివ్వండి, తరవాత బిగిస్తాడు అన్నది మీరు. ఈ ముక్క ఈయన నవ్వుతూ ఎన్నోసార్లు చెప్పారు, ఇప్పుడు కూడా నా పక్కన కూర్చుని చెప్పి రాయించారు. ఇది రాస్తుంటే ఆయన ఎటో చూస్తున్నారు. కళ్లలో నలక పడిందట.

మొదటి జీతం రాగానే మావయ్యగారికి ఒక ఉన్ని శాలువా, తుంటి చుట్టూ కట్టుకోవడానికి, పంపుతాం. వద్దని రాయకండి. వద్దన్నా పంపుతాం.

సదా మీ మేలు మరువని
వెంకటాచలం, సత్యలక్ష్మి, చి. కౌసల్య

తా.క. అత్తయ్యా, ఇక్కడినించి మీరొక్కరే చదువుకోండి. మావయ్యగారికి వినిపించకండి.

పై ఉత్తరం ఈయన మొత్తం చదివి, రెండు చోట్ల ఒత్తులు దిద్ది, అన్నం మెతుకులతో కవరు అంటించి నా చేతికిచ్చి పనికెళ్లారు. పోస్టు డబ్బా దాకా వెళ్లి, వెనక్కొచ్చి, తడిగుడ్డతో విప్పాను.

కిందే ఉండే ఉద్యోగమన్నది అబద్ధం. అది ఆయన చదువుకోవాలని రాశాను.

కాశీవిశ్వనాథం గారికి దగ్గూ రాలేదు, ఏమీ రాలేదు. జరిగింది చెబుతూ ఆ ఆఖరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం చూసి నాకు అనుమానమొచ్చింది. సూటిగా అడిగితే చెప్పరు, ఈయన వద్దని ఉంటారు. అందుకని మొన్న కాజాలు కుట్టుకుంటూ, ‘కింద నిలబడి అన్నీ కనిపెట్టుకుంటాను సార్’ అని మా ఆయన ఎంత బాగా చెప్పారటండీ అన్నాను. ఆయన బతుకంతా తప్పు డైలాగు దిద్దడమే కదా. నోరు ఆగలేదు. కాదమ్మా, డైలాగు అది కాదు అనేశారు. అన్నాక నాలుక కరుచుకున్నారు. ఇక దాచి లాభం లేక చెప్పారు.

మా కంపెనీలో లీడ్ అనేవాడు కింద ఉంటాడు, నువ్వెక్కడుంటావు అని ఆ పెద్దాయన అడిగారట. ఈయన బల్ల మీదున్న తన చేతులు చూసుకున్నారట. మరిచిపోయారనుకుని కాశీవిశ్వనాథం గారు కిటికీలోంచి కింద, కింద అని అందించారట. ఈయన కిటికీ వైపు తిరిగి చూశారు, బాగానే వినపడింది. మళ్లీ ఇటు తిరిగి, అందరికన్నా ముందు నేనెక్కుతాను సార్, అందరూ దిగాక ఆఖర్న నేను దిగుతాను, అలా కుదరదంటే వేరేవాళ్లని చూసుకోండి అన్నారట. ఇంత మాట ఆయన నాతో కూడా ఎప్పుడూ అనలేదు. ఇదెవరు నేర్పారని అడిగితే మా లక్ష్మయ్య బాబాయి అన్నారట. ఆ పెద్దాయన తల ఊపి, అయితే ఈల ఇంకొకరి చేతికిద్దాంలే అన్నారట.

విన్న పూట నాకు ఒళ్లు మండిపోయింది. మాటిచ్చి తప్పుతారా, రానీ చెబుతానని కూర్చున్నాను. ఆయన వచ్చేలోపు ఎన్ని మాటలు కూడబెట్టానో! కానీ కూర్చున్నకొద్దీ మావయ్యగారు పడ్డ ఆ గాలి రోజే కళ్ల ముందుకొచ్చింది. ట్రస్సు ఊగుతుంటే మావయ్యగారు కింద లేరు. పైనుండి ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి దించారు. ఈయన కాలు నేల మీద ఆనాకే ఆయన నిచ్చెన మీద కాలు పెట్టబోయారు. అప్పటికి కౌసల్య నా కడుపులో ఉంది. మావయ్యగారు ఆ రోజు కింద నిలబడి ఈల వేసి ఉంటే నా బిడ్డకి తండ్రి ఉండేవాడు కాదు. నన్ను నిలబెట్టిన ఆ పనే ఇంకొకరి ఇల్లాలి కోసం మీరు చెయ్యొద్దని ఈయనతో ఏ నోటితో అనను? అనలేకపోయాను అత్తయ్యా. గేటు చప్పుడైతే లేచి వెళ్లి నీళ్లు కాచాను.

రోజూ అరచేతుల నిండా తుప్పు, భుజం మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి వాతతో వస్తారు. వచ్చి, నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయే అంటారు. పాపం కదూ అని నేనంటాను. నాకు తెలుసని ఆయనకి తెలియదు.

మీకు మాత్రం తెలియకుండా ఉంటుందా? ఆ మాట మావయ్యగారిదే కదా. ముందెక్కి ఆఖర్న దిగే మనిషి కోసం మీరు అన్నేళ్లు ఈ వాకిట్లోనే సాయంత్రాలు కూర్చున్నారు. పైగా నవ్వుతూ మాకందరికీ అన్నాలు పెట్టేవారు. అప్పుడు నేను చిన్నదాన్ని, గమనించలేదు. ఈయనకి పని మావయ్యగారు నేర్పారు. ఇలా నవ్వుతూ ఎదురుచూడడం మాత్రం మీరే నాకు నేర్పాలి. జవాబు రాసేటప్పుడు కవరు మీద ఆయన పేరు వద్దు, నా ఒక్కదాని పేరే రాయండి.